నూరో మిరపకాయ

తత్త్వశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి. నాకు తత్త్వం బోధపడటానికి మాత్రం రెండు సూర్యగ్రహణాలు పట్టాయి.

మొదటిది ఎనభైలో వచ్చింది. ఆ మధ్యాహ్నం గుంటూరులో మా వీధి వీధంతా తలుపులు వేసుకుంటే నేనూ వేసుకున్నాను. అందరూ భయపడి వేసుకున్నారని, నేను మాత్రం ‘చూడటం వేరు, తెలుసుకోవడం వేరు’ అనే సూత్రం కొద్దీ వేసుకున్నానని కాలేజీలో చెప్పుకున్నాను. నిజానికి మా ఆవిడ లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. అడిగితే ఇచ్చేదే. నేను అడగలేదు.

అదే సమయానికి మా కాలేజీ మేడమీద నా మిత్రుడు కోటేశ్వరరావు, ఆరేళ్ల కూతురు స్వాతిని భుజాలమీద ఎక్కించుకుని, వెల్డింగు అద్దంలోంచి గ్రహణం చూపిస్తున్నాడు. అతను భౌతికశాస్త్రం చెప్పేవాడు. నన్ను ‘ఒరేయ్ తత్త్వం’ అనేవాడు, నేనతన్ని ‘ఏరా సైన్సు’ అనేవాణ్ణి. కూతురికి ఆకాశంలో చుక్క పేరు పెట్టానని వాడు మురిసిపోయాడు. నక్షత్రం పేరు పెట్టారని వాళ్ల అత్తగారు మురిసిపోయింది. ఆ ఇంట్లో సైన్సుకీ సంప్రదాయానికీ గొడవ లేకుండా జరిగిన పని నాకు తెలిసి అదొక్కటే.

మా ఇద్దరి వాదన ముప్పై ఏళ్లు కాలేజీ క్యాంటీనులో నడిచింది. ప్రపంచం ఎలా నడుస్తుందో సైన్సు చెబుతుంది, ఇక మిగిలిందేముందని వాడు. ఎందుకు నడుస్తుందో మిగిలింది, నడుస్తూనే ఉంటుందన్న హామీ కూడా మిగిలింది అని నేను. గుంటూరువాణ్ణి కనక నా ఉదాహరణ మిరపకాయే. “నూరు కాయల్లో తొంభైతొమ్మిది కొరికి చూశావు, అన్నీ కారమే. నూరోది తియ్యగా ఉండదని నీ సైన్సు హామీ ఇవ్వగలదా?” వాడికి చిర్రెత్తుకొచ్చి, “ఇవ్వలేదు. అయినా పచ్చడిలో వేస్తా” అనేవాడు. టీలు నా ఖాతాలో పడేవి, వాదన తేలేది కాదు.

వాడు ముందుగానే ఉద్యోగం మానేసి అద్దంకి అవతల సొంతూరికి చేరాడు. ఊరిపేరు రాయను. వాళ్లావిడ ఇది చదువుతుంది. తొంభైతొమ్మిదిలో మళ్లీ గ్రహణం వస్తోందని కాలేజీకి ఫోన్ చేశాడు. “ఈసారైనా రా. చూడకుండా పోతే నీ తత్త్వానికే నామోషీ.” అప్పటికి మా శాఖలో ఇద్దరు విద్యార్థులు మిగిలారు. ఒకడు వేరే సీటు దొరక్క వచ్చాడు, రెండోవాడు గది తప్పి వచ్చి మొహమాటానికి ఉండిపోయాడు. సెలవు అడిగితే ప్రిన్సిపాలుగారు నా మొహం కూడా చూడకుండా ఇచ్చేశారు.

బుధవారం పొద్దున ఏడింటికి గుంటూరు బస్టాండులో చిలకలూరిపేట బస్సెక్కాను. అద్దంకికి నేరుగా బస్సులున్నా, ఎప్పుడు వస్తాయో డ్రైవర్లకే తెలియదు. పేటలో మారడం మేలు. రెండు టిక్కెట్లూ కలిపి ముప్పై లోపే అయ్యాయి. కుడివైపు కూర్చుంటే ఎండ పడదు.

పక్కసీట్లో ఒక టీచరమ్మ, ఒళ్లో బైబిలు, దానిమీద టిఫిను డబ్బా. బడికి ఒంటిపూటేనట.

“గ్రహణం చూస్తారాండీ?” అన్నాను.

“మాకు గ్రహణాలు లేవండి,” అంది నవ్వుతూ. “మా అత్తగారికి ఉన్నాయి. ఆమె ప్రభువు గుడికొచ్చి నలభై ఏళ్లయినా గ్రహణం మాత్రం ఇంకా మానలేదు. సాయంత్రం నేను ఇంటికెళ్లేసరికి గొళ్లెం పెట్టేసి ఉంటుంది.”

పేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా రేగడి చేలు. పత్తి ఇంకా మోకాలెత్తు లేదు. నీళ్లున్నచోట మిరప నారుమళ్లు పచ్చటి చాపలు పరిచినట్టున్నాయి. మార్టూరు దగ్గర ఒక రైతు ఎక్కి, పురుగుమందు డబ్బా కాళ్లమధ్య పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

“ఎందాకండీ?”

“అద్దంకి. గ్రహణం చూడ్డానికి.”

“దానికి బస్సెక్కి పోవాలా? మా పత్తికి నిరుడు పట్టింది. ఇంతవరకూ విడవలా.”

నవ్వాలో లేదో తెలియక, ఎందుకలా అయిందో ఎవరైనా చెప్పారా అని అడిగాను.

“చెప్పకేం. పురుగు మందుకి అలవాటు పడిందంట, ఆఫీసరుగారు చెప్పాడు. నిజమేనయ్యా, మరి పక్క చేనోడికి వదిలి నాకే ఎందుకు పట్టిందంటే, అది మా శాఖ కాదన్నట్టు చూశాడు. పూజారిగారినడిగితే గ్రహచారం అన్నాడు. మరి ఏ మందు కొట్టమంటారంటే, అది ఆయన శాఖ కాదు.” డబ్బాని కాలితో కాస్త లోపలికి జరుపుకున్నాడు. “మధ్యలో ఇంకో శాఖ ఏదన్నా ఉందాండీ?”

ఉంది, అది మాదే అనబోయాను. ఎత్తేస్తున్న శాఖ కదా అని ఊరుకున్నాను.

అద్దంకిలో దిగేసరికి పదకొండయింది. బస్టాండు ఎదుట హోటలాయన, “ఇప్పుడే తినెయ్యండి సార్, కట్టేస్తున్నాం” అని రెండుసార్లు పిలిచాడు. కోటేశు ఇంట్లో భోజనం ఉండగా హోటల్లో తినడమేమిటని ఆటో ఎక్కాను. గ్రహణానికి ప్రయాణం కట్టేవారికి ఈ వ్యాసంలో పనికొచ్చే సలహా ఒక్కటే ఉంది. పిలిచిన మొదటి హోటల్లో తినండి.

వాకిట్లో కోటేశు భార్య రాజ్యలక్ష్మి ఎదురొచ్చింది. “రండి అన్నయ్యగారూ. పొద్దుటినుంచి పొయ్యి వెలిగించలేదు, ఏమీ అనుకోకండి.” వెనక వంటింట్లో ఆవకాయ జాడీల దగ్గర్నుంచి మజ్జిగ కుండ దాకా అన్నిటిమీదా దర్భలు. వసారాలో కారం దంచే రోకలి, పక్కన ఇత్తడి పళ్లెం.

ఆ రోకలిని చూసి నవ్వొచ్చింది. గ్రహణం పట్టగానే పళ్లెంలో నీళ్లు పోసి రోకలి పెడితే దానంతటదే నిలబడుతుందని, విడిచిన క్షణాన పడిపోతుందని మావైపు నమ్మకం. గ్రహణం లేని రోజున రోకలి నిలబెట్టడమే కోటేశు జీవితాశయం. సెలవురోజుల్లో పిల్లల్ని వెంటేసుకుని ఊళ్లు తిరిగి, నడిబజార్లో నిలబెట్టి చూపించేవాడు. తాడేపల్లిలో ఒకసారి నేనూ వెళ్లాను. “అడుగు చదునుగా ఉంటే చాలు. నీళ్ల మహిమా లేదు, రాహువు మహిమా లేదు. చెయ్యి వదిలేటప్పుడు తొందరపడకండి,” అని చెప్పి మెల్లగా వదిలేవాడు. అది నిలబడేది. ముసలమ్మలు వాణ్ణి మెచ్చుకుని, ‘అబ్బాయికి చేతిలో ఏదో ఉంది’ అనుకుంటూ వెళ్లేవాళ్లు.

ఇదంతా చెల్లెమ్మ ఏర్పాటేననుకుని, కోటేశుని ఏడిపించడానికి మంచి సరుకు దొరికిందని లోపలికి వెళ్లాను. పడమటి గదిలో వాడు స్టూలెక్కి, కిటికీ రెక్కల సందుల్లో పాతగుడ్డ పీలికలు కుక్కుతున్నాడు.

“ఏరా సైన్సు, నువ్వేనా?”

వాడు నావైపు తిరగలేదు. “ఆ పీలిక ఇటివ్వు,” అన్నాడు.

అప్పుడు గుమ్మంలో స్వాతి కనిపించింది. ఒంగోలులో జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రమే చెబుతోంది. అయిదో నెల, పుట్టింటికి వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణం చూస్తే బిడ్డకి పెదవి చీలుతుందంటారు. ఆ చీలికకి మన భాషలో ఉన్న పేరే గ్రహణమొర్రి.

నన్ను వసారాలోకి పిలిచింది. చేతిలో నల్లటి వెల్డింగు అద్దం. “ఒంగోలులో కొన్నాను బాబాయ్. నాకు పది నిమిషాలు చాలు. వసారాలోంచే చూస్తాను. అమ్మ వద్దంటే బాధ లేదు, అమ్మ ఎప్పుడూ వద్దనే అంటుంది. నాన్న వద్దంటున్నారు.”

“మీ నాన్నా?”

“నన్ను భుజాలమీద ఎక్కించుకుని చూపించిన మనిషే. అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చేసేది నిజమా అనడిగితే మాట్లాడరు. మీరు చెప్పండి బాబాయ్. ముప్పై ఏళ్లనుంచీ మిమ్మల్ని గెలవలేకపోయారు. మీ మాటైతే వింటారు.”

ఒక మనిషి నా శాఖకి పనిపెట్టడం చాలా కాలానికి జరిగింది. ఉత్సాహంగా లోపలికి వెళ్లాను.

“ఒరేయ్, నీడ పడితే పెదవి చీలదని ఊరూరా చెప్పినవాడివి...”

“చీలదు,” అన్నాడు స్టూలు దిగుతూ. “నీకంటే నాకు బాగా తెలుసు.”

“మరి?”

మంచంమీద కూర్చుని గుడ్డ చింపుతూ చెప్పాడు. “నిరుడు మూడో నెలలో బస్సులో వస్తానంది. మీ అమ్మ చాదస్తం, ఏమీ కాదు, రా అన్నాను. డాక్టరుగారూ ఏమీ కాదన్నాడు. వచ్చింది. నాలుగోరోజు కడుపు పోయింది.”

“అది బస్సు వల్ల కాదు కదరా.”

“కాదు. డాక్టరు చెప్పాడు, నేనూ పుస్తకాలు తిరగేశాను. బస్సు వల్ల కాదు.” పీలికని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. “నువ్వే కదరా చెప్పేవాడివి. తొంభైతొమ్మిది కారంగా ఉన్నాయని నూరోదాని మీద హామీ లేదని. క్యాంటీనులో నవ్వేవాణ్ణి. ఇది నా నూరో కాయ. దీన్ని నేను కొరికి చూడలేను.”

ఇక్కడ నేను చెప్పవలసిన మాట ఒకటుంది. అది నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదో దాచడం భావ్యం కాదు. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. ముప్పై ఏళ్లు నవ్విన మనిషి నా మిరపకాయని ఇంత భద్రంగా దాచుకున్నాడా అని పొంగిపోయాను. గెలిచానన్న గర్వంలో, గెలిచింది ఎవరి మీదో చూసుకోలేదు.

“అదీ ఒక దృక్పథమే,” అన్నాను.

గుమ్మం దగ్గర స్వాతి వింటూనే ఉంది. నావైపు ఒకసారి చూసింది. “సరే బాబాయ్,” అని వెల్డింగు అద్దం నా చేతిలో పెట్టింది. “మీరైనా చూడండి. అప్పుడు మీరు చూడలేదుగా.” గదిలోకి వెళ్లి మంచంమీద పడుకుంది. కోటేశు తలుపు దగ్గరికి వేసి, వసారాలో కుర్చీ వేసుకుని, పడమటికి వీపు పెట్టి కూర్చున్నాడు.

అయిదు దాటాక ఒక్కణ్ణే డాబా ఎక్కాను. ఊరంతా తలుపులు మూసి ఉంది. పడమట మబ్బులు. కాసేపు ఏమీ లేదు, తర్వాత మబ్బుల సందున సూర్యుడు, కింద ఒక మూల కొరికిన అప్పచ్చిలా. చూస్తుండగానే సన్నబడ్డాడు. చేలమీద వెలుతురు సాయంకాలం వెలుతురు కాదు, జబ్బుపడ్డ మధ్యాహ్నంలా ఉంది. కొంగలు లేచి గూళ్లవైపు పోయాయి. దూరంగా పొగాకు ఆరబెట్టే బ్యారన్ల నీడలు అంచులు తేరి కత్తిరించినట్టయ్యాయి. ఒక్కడినే నిలబడి, పక్కకి తిరిగి ‘చూశావా’ అనబోయాను. పక్కన ఎవరూ లేరు. చూడవలసిన ఇద్దరూ నా కాళ్లకింద ఉన్నారు. ఒకరు తలుపుకి అటు, ఒకరు ఇటు.

సూర్యుడు పూర్తిగా విడవకుండానే అస్తమించాడు. కిందికి దిగితే వాకిట్లో ఇత్తడి పళ్లెంలో రోకలి నిటారుగా నిలబడి ఉంది. చెల్లెమ్మ దూరంగా కూర్చుని కాపలా కాస్తోంది. “అది పడేదాకా విడవనట్టే అన్నయ్యగారూ. ముట్టుకోకూడదు.”

చీకటి పడింది. చెల్లెమ్మ దీపం పెట్టడానికి లోపలికి వెళ్లింది. రోకలి పడలేదు. చదునుగా అరిగిన రోకలి, ఎందుకు పడుతుంది? చివరికి పక్కింటి పిల్లి గోడమీంచి దిగి పళ్లెంలో నీళ్లు వాసన చూసి, రోకలికి వీపు రాసుకుంది. ధడాలున పడింది.

“విడిచింది!” అని వంటింటి వైపునుంచి చెల్లెమ్మ కేక.

పిల్లిని నేను చూశాను. కోటేశు కూడా చూశాడు. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. లోకాన్ని వివరించడానికి ఆ వాకిట్లో ఇద్దరు ఉపన్యాసకులుండి, పిల్లి సంగతి చెప్పే నాథుడు లేకపోయాడు.

బావి దగ్గర స్నానాలయ్యాక ఆశగా పీట వైపు చూశాను. సూర్యుడు గ్రహణంతోనే అస్తమించాడు గనక రేపు పొద్దున మళ్లీ చూశాకే భోజనమట. గ్రహణం పట్టింది సూర్యుడికి, కడుపు మాడింది నాకు.

పొద్దున సూర్యుడు ఏ మచ్చా లేకుండా వచ్చాడు. ఉప్మా తింటూంటే స్వాతి వచ్చి పక్కన కూర్చుంది.

“నేనూ చూశాను బాబాయ్,” అంది మెల్లగా.

“ఎలా?”

“కిటికీ రెక్కకి మేకు బెజ్జం ఒకటుంది. అందులోంచి వెలుతురు వచ్చి ఎదుటి గోడమీద పడింది. రూపాయి బిళ్లంత సూర్యుడు. తలకిందులుగా. మెల్లగా నెలవంక అయిపోయాడు, మళ్లీ మబ్బు పట్టేదాకా అక్కడే ఉన్నాడు.” వేలితో గాలిలో గీసి చూపించింది. “చీకటి గదీ, చిన్న బెజ్జమూ. పిల్లలకి ఏటా చెప్పే పాఠమే. ఎలా వచ్చిందో నాకు తెలుసు.”

“మరి అన్ని సందులూ కుక్కాడు కదమ్మా.”

“అదే బాబాయ్. నా మంచం ఎప్పుడూ ఆ గోడకే ఆనుకుని ఉంటుంది. నిన్న పొద్దున నాన్న కిటికీ వైపు జరిపారు. వెలుతురు నా మీద పడకుండా, గోడమీద పడితే కనపడేలా. మరిచిపోయారో, వదిలేశారో. అడగాలనిపించలేదు. తలుపవతల కుర్చీ చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిలిస్తే వచ్చి చూసేవారేమో. పిలవలేకపోయాను.”

వెల్డింగు అద్దం ఆమెకి తిరిగి ఇవ్వబోయాను. వద్దు, ఉంచుకోండి అంది. ఆ అద్దాన్ని ఇప్పటికీ బీరువాలో దాచి ఉంచాను. దానిలోంచి చూస్తే సూర్యుడు తప్ప ఏదీ కనపడదు.

కోటేశు స్కూటరు తీయడానికి దొడ్లోకి వెళ్లాడు. చెల్లెమ్మ పాలకి వెళ్లింది. వాకిట్లో నేనొక్కణ్ణే రెండు నిమిషాలున్నాను. తర్వాత స్కూటరెక్కి మెయిన్‌రోడ్డుకి వచ్చాం.

బస్సు ఆలస్యమైంది. టీకొట్టు బల్లమీద కూర్చున్నాం. అప్పుడు తట్టింది, ముందురోజు తట్టవలసిన మాట.

“ఒరేయ్, నూరో కాయకి హామీ లేదన్నానే గానీ, బస్తా పారబొయ్యమని ఎప్పుడైనా అన్నానా? హామీ లేనిది రెండువైపులా లేదురా. తలుపు మూసినా లేదు, తీసినా లేదు. లేనప్పుడు పిల్ల అడిగింది చెయ్యొచ్చు కదా.”

వాడు టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. “నిన్న చెప్పాల్సింది.”

“నిన్న తట్టలేదు.”

“నాకూ తట్టలేదు,” అన్నాడు. “ముప్పై ఏళ్లు వాదించుకున్నాం. పనికొచ్చేరోజున ఇద్దరం నోరు మూసుకున్నాం.”

“ఆ మేకు బెజ్జం...”

“ఏ బెజ్జం?” అని లేచి, వస్తున్న బస్సుకి చెయ్యెత్తాడు. బస్సు ఇంకా చాలా దూరంలో ఉంది.

తీరిగ్గా చెప్పుకోవలసిన మాటలు తిరుగు దారిలో చాలా తోచాయి. వెలుతురు గోడమీదికి ఎలా వచ్చిందో స్వాతి శాస్త్రం చెబుతుంది. ఆ బెజ్జం ఎందుకు మిగిలిందో నా శాస్త్రం అడుగుతుంది. జవాబు మాత్రం వీపు తిప్పుకుని కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గర ఉంది, అతను చెప్పడు. తండ్రీకూతుళ్లిద్దరూ పక్కపక్కన నిలబడి ఒకే అద్దంలోంచి చూడవలసిన వస్తువు, వాళ్లకి మళ్లీ ఎప్పుడు వస్తుందో పంచాంగంలో ఉంటుంది. రాకుండా పోయిన ఆ సాయంత్రం ఎందులోనూ ఉండదు. ఒక్క మాటతో రప్పించగలిగినవాణ్ణి నేనే.

ఇవి ఇంకా తోచకముందు, బస్సు కదులుతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి కోటేశుని పిలిచాను.

“ఒరేయ్ సైన్సు! మీ వాకిట్లో రోకలి మళ్లీ నిలబడింది!”

“ఏంటీ?”

“పళ్లెంలోనే. మూడోసారికి నిలబడింది. నువ్వు చెప్పినట్టే, తొందరపడకుండా వదిలాను!”

వాడికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అది పడేదాకా గ్రహణం విడవనట్టే. రాజ్యలక్ష్మి పాలు తీసుకుని వచ్చి చూస్తుంది. పొయ్యి వెలిగించదు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఆ పిల్లి పగలు రాదు.

“దుర్మార్గుడా!” అని బస్సు వెంట నాలుగడుగులు పరిగెత్తాడు. “ఇప్పుడు దానికి నేనేం చెప్పను?”

“ఎలా నిలబడిందో నువ్వే చెప్పు. స్వాతిని పక్కన నిలబెట్టుకుని చెప్పు,” అని అరిచాను. “ఎందుకు నిలబడిందని అడిగితే నా పేరు చెప్పు!”